₹2,500 లోపు ఇయర్‌బడ్స్: మూడింటి మధ్య కొట్టుకుంటున్న, ఎవరన్నా తేల్చున్రి

నాగోల్_శీను:
అన్నలకు అక్కలకు నమస్తే. వారం రోజుల సంది యూట్యూబ్‌ల రివ్యూలు చూసి చూసి దిమాక్ ఖరాబైంది. ఒక్కొక్కడు ఒక్కోటి బెస్ట్ అంటడు, లాస్ట్‌కి అందరు లింక్ కిందుంది కొనుక్కోండి అంటరు. నా బడ్జెట్ 2,500, గట్టిగ లాగితే ఇంకో 200. రోజు పొద్దుగాల నాగోల్‌ల మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా పోత, సాయంత్రం అదే లైన్ల వాపస్, అంటే పూటకు దగ్గర దగ్గర గంట చెవుల ఉండాలె. పాటలు ఎక్కువ, మధ్యల పాడ్‌కాస్ట్‌లు, ఆఫీసుల టీమ్స్ కాల్స్ గూడ ఉంటయి. ఫోన్ ఆండ్రాయిడే. ఏరి పెట్టుకున్నవి మూడు: రియల్‌మీ బడ్స్ టీ310, సీఎంఎఫ్ బడ్స్, వన్‌ప్లస్ నార్డ్ బడ్స్ 3. నాయిస్ క్యాన్సిలేషన్ రియల్‌మీది 46 డీబీ (డెసిబెల్స్, సౌండ్ కొలత), సీఎంఎఫ్‌ది 42, వన్‌ప్లస్‌ది 32 అని రాసిన్రు. నంబర్ చూస్తే రియల్‌మీనే కొనాలె కద? మరి అంత ఈజీ అయితే ఇన్ని రివ్యూలు ఎందుకు చేస్తున్రు అని డౌటు. జర చెప్పున్రి.

కోఠి_కుర్రోడు:
ఫస్ట్ రిప్లై నాదే 😄 టీ310 తీస్కో తమ్మీ కళ్లు మూస్కోని. అయిపాయె.

చెవికోసుకునేవాడు:
కళ్ళు మూసుకుని కొంటే తర్వాత చెవులు మూసుకోవాల్సొస్తుంది. ఆగండి శీను గారూ.

ఆ డీబీ నంబర్ సంగతి ముందు చూద్దాం. నాయిస్ క్యాన్సిలేషన్ అంటే బడ్‌లో ఉన్న మైకు బయట శబ్దాన్ని విని, దానికి సరిగ్గా ఉల్టా అలని స్పీకర్‌తో వాయిస్తుంది, రెండూ కలిసి కొట్టుకుపోతాయి. ఇది బాగా పనిచేసేది ఒకే తీరుగా సాగే లావు శబ్దాల మీద, అంటే మెట్రో పట్టాల గుయ్యిమనే రొద, ఏసీ హోరు, ఆర్టీసీ బస్సు ఇంజను, ఫ్యాను. మనుషుల మాటలు, హారన్, గిన్నె కింద పడిన చప్పుడు, ఇవి సన్నటివి, ఉన్నట్టుండి వచ్చేవి, దానికి దొరకవు. వాటిని ఆపేది మీ చెవిలో దూరే రబ్బరు టిప్ తప్ప ఇంకోటి కాదు. డబ్బా మీద 46 అని రాసేది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ల్యాబులో వచ్చిన గరిష్ఠం, అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు. కాబట్టి మీ పక్క సీటు ఆయన స్పీకర్ పెట్టి రీల్స్ చూస్తుంటే ఈ మూడింట్లో ఏది పెట్టుకున్నా మీరూ ఆ రీల్స్ వింటారు, కాస్త మెల్లగా. అంతే.

పాతరేడియో:
చెవికోసుకునే అబ్బాయి చెప్పింది సబబుగా ఉంది, లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఒక ముక్క కలుపుతాను. డెసిబెల్ అనేది మామూలు తూకం లాంటిది కాదు నాయనా, లాగరిథమ్. 20 తగ్గితే శబ్దపు ఒత్తిడి పదో వంతు అయినట్టు, 40 తగ్గితే నూరో వంతు. 42 అంటే సుమారు 126వ వంతు, 46 అంటే 200వ వంతు. నిజంగా మొత్తం శబ్దం అలా తగ్గిపోతే మెట్రో వచ్చి మీ కాళ్ళ ముందు ఆగినా తెలియదు. రెండు వేల చిల్లర వస్తువు అలా చేయదని మీకే తెలుసు. కనుక 46 గొప్పా 42 గొప్పా అని తేల్చుకోవడం, పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం వాళ్ళ మేనమామ నోట విన్నట్టే.

కోఠి_కుర్రోడు:
మాస్టారూ 🙏🙏 నా కామెంట్ వాపస్ తీస్కుంటున్న

గోదారి_గాలి:
అయ్యో ఎవరూ అసలు సంగతి అడగట్లేదేంటండీ, శీను గారూ మీ చెవి ఎంత? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. నాకు చెవి రంధ్రం చిన్నది, పోయినేడు మావారు ఆన్‌లైన్‌లో తెగ పొగిడారని ఒకటి తెచ్చిచ్చారు, కంపెనీ పేరెందుకు లెండి, పెట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగితే పది నిమిషాలకోసారి కుడిది ఊడిపడేది. ఒకసారి సాంబారులో పడబోయి తప్పింది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజుల టిప్పులు ఇస్తారు కదా, వేసి వచ్చిన మధ్యవే అందరూ వాడేస్తారు, మిగతావి కవరుతో సహా డబ్బాలోనే పడుంటాయి. నేను ఆర్నెల్ల తర్వాత చిన్నవి వేస్తే అప్పుడు తెలిసింది బేస్ అంటే ఏంటో! అంతదాకా ఈ వస్తువులో బేస్ లేదు బాబోయ్ అని రివ్యూ కూడా రాసేశా, ఒక స్టారిచ్చి.

చెవికోసుకునేవాడు:
@గోదారి_గాలి మేడమ్ ఈ థ్రెడ్ మొత్తానికి మీదే అసలు పోస్టు. టిప్ చెవిలో బిర్రుగా కూర్చోకపోతే లావు శబ్దం సందులోంచి కారిపోతుంది, అంటే బేసూ పోతుంది, నాయిస్ క్యాన్సిలేషనూ పోతుంది. 46 డీబీది చెవిలో వదులుగా ఉన్నవాడి కన్నా 32 డీబీది సరిగ్గా కూర్చున్నవాడే హాయిగా ఉంటాడు. ఇంకోటి, రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని రూలేం లేదు, నాకు ఎడమకి మధ్యది, కుడికి చిన్నది.

నాగోల్_శీను:
చెవి సైజు ఎట్ల కొలుస్తరు టేపుతోనా 😭 నాకు ఇదివరకు ఉన్న వైర్ ఇయర్‌ఫోన్స్ అయితె మంచిగనే ఆగుతుండె.

హైరెస్_రాజా:
గైస్ ఎవరూ కోడెక్ (పాటని కుదించి బ్లూటూత్ మీద పంపే పద్ధతి) గురించి మాట్లాడట్లేదు?? ఎల్‌డీఏసీ లేనిది కొనడం వేస్ట్. 990 కేబీపీఎస్ (సెకనుకి పంపే కిలోబిట్ల డేటా) ఎక్కడ, మామూలు ఎస్‌బీసీ కోడెక్ ఎక్కడ. ఇంకో 1,500 వేసుకుని సీఎంఎఫ్ బడ్స్ ప్రో 2 తీసుకో బ్రో, చార్జింగ్ డబ్బా మీద తిప్పే డయల్ కూడా ఉంటుంది.

బీచ్‌రోడ్_బుజ్జి:
వచ్చాడండీ. ప్రతి థ్రెడ్‌లో ఇంకో 1,500 వేసుకో అనే ఒకడుంటాడు. ఆయన బడ్జెట్ 2,500 అన్నాడు కదా, ప్రో 2 వచ్చినప్పుడే 4,299. ఇలా వేసుకుంటూ పోతే చివరికి హోమ్ థియేటర్ కొంటాడు.

హైరెస్_రాజా:
క్వాలిటీ కావాలంటే ఖర్చు పెట్టాలి మరి. ఒకసారి వింటే తెలుస్తుంది.

చెవికోసుకునేవాడు:
రాజా గారూ ఎల్‌డీఏసీ సోనీ వాళ్ళది, మంచిదే, కాదనను. కానీ ఆ 990 అనేది గాలి ఖాళీగా ఉన్నప్పటి మాట. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, వైఫై కూడా అక్కడే తిరుగుతుంది. అమీర్‌పేటలో ఎర్ర లైను జనం అంతా ఒక్కసారి ఎక్కాక బోగీలో వందల ఫోన్లు, వందల బడ్స్, పైగా మనిషి ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది. అక్కడ 990 మీద పట్టుబడితే పాట తెగి తెగి వస్తుంది, లేదా ఫోనే దాన్ని 660కో 330కో దించేస్తుంది. దానికి తోడు మనం వినేది ఎప్పుడో దింపుకున్న 128 కేబీపీఎస్ ఎంపీ3. నీళ్ళ మజ్జిగని వెండి గ్లాసులో పోస్తే గడ్డ పెరుగవుతుందా చెప్పండి.

ఇంకా ఐఫోన్ వాళ్ళకైతే ఎల్‌డీఏసీ పనే చేయదు, అక్కడ ఏఏసీ, ఎస్‌బీసీ అంతే. ఇది చదువుతున్న ఐఫోన్ వాళ్ళు ఎల్‌డీఏసీ కోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

హైరెస్_రాజా:
సరే సరే మెట్రోలో ఒప్పుకుంటా. రాత్రి ఇంట్లో పడుకుని వినేవాడికి మాత్రం తేడా ఉంటుంది.

చెవికోసుకునేవాడు:
రాత్రి ఇంట్లో అయితే నేనూ ఒప్పుకుంటా. బేరం కుదిరింది 🤝

బీచ్‌రోడ్_బుజ్జి:
శీను గారూ మీరు టీమ్స్ కాల్స్ అన్నారు కదా, అందరూ పాటల మీదే పడ్డారు, నేను ఇంటి నుంచే పని చేస్తా, రోజుకి నాలుగైదు గంటలు కాల్స్, కాబట్టి ఇది నా సబ్జెక్టు. రెండు సంగతులు.

ఒకటి ఈఎన్‌సీ, ఏఎన్‌సీ వేరు వేరు. ఈ ధరలో చాలామంది మోసపోయేది ఇక్కడే. ఏఎన్‌సీ అంటే పైన చెప్పుకున్న నాయిస్ క్యాన్సిలేషనే, అది మీ చెవికి, ఈఎన్‌సీ అవతలి వాళ్ళ చెవికి. అంటే మీ మైకులోకి వెళ్ళే చుట్టుపక్కల గోలని తగ్గించేది ఈఎన్‌సీ, దాని వల్ల మీకు బయట శబ్దం ఇసుమంత కూడా తగ్గదు. వెయ్యి రూపాయల వాటి మీద నాయిస్ క్యాన్సిలేషన్ అని పెద్దక్షరాలతో వేసి కింద చీమ తలకాయంత అక్షరాలతో ఈఎన్‌సీ ఫర్ కాల్స్ అని రాస్తారు. మా తమ్ముడు అలాగే ఒకటి కొని "అక్కా ఆన్ చేసినా ఏం తగ్గట్లేదు, స్విచ్ ఎక్కడుంది" అని వారం రోజులు వెతికాడు. స్విచ్ ఉంటే కదా. మీ మూడింట్లోనూ ఏఎన్‌సీ నిజంగానే ఉంది, ఆ భయం అక్కర్లేదు.

రెండోది లాప్‌టాప్ గోల. విండోస్ లాప్‌టాప్‌కి బడ్స్ కనెక్ట్ చేసి పాట వింటే బావుంటుంది, టీమ్స్ కాల్ రాగానే అంతా పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో విన్నట్టు అయిపోతుంది. బడ్స్ పాడైపోయాయని రిటర్న్ పెట్టేస్తారు జనం. పాడవలేదు తల్లీ, మామూలు బ్లూటూత్ మైకు ఆన్ అయితే ఇంకో మోడ్‌కి మారుతుంది, అందులో రెండు పక్కలకీ మాట మోయాలి కాబట్టి క్వాలిటీ బాగా దించేస్తుంది, స్టీరియో కూడా పోతుంది. పదివేల బడ్స్ అయినా ఇంతే చేస్తాయి. దీనికి చిట్కా, టీమ్స్ సెట్టింగుల్లో స్పీకర్‌గా బడ్స్ పెట్టి మైకుగా లాప్‌టాప్‌దే ఎంచుకోండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో లాప్‌టాప్ మైకు చాలు. మా టీములో పదిమందికి చెప్పా ఇది, ఇద్దరు స్వీట్లు తెచ్చారు.

నాగోల్_శీను:
@బీచ్‌రోడ్_బుజ్జి అక్కా ఏందిది, నేను పోయిన నెల ఫ్రెండ్ బడ్స్ పెట్టుకొని కాల్ చేస్తే అచ్చం గట్లనే వచ్చె, వాడివి డబ్బా బడ్స్ అని తిట్టిన!! పాపం వాడికి సారీ చెప్పాలె ఇప్పుడు.

కువైట్_కడపోడు:
అందరికీ సలాం నమస్కారం. నేను కువైట్‌లో ఉండా, మాది రాజంపేట పక్కన పల్లె. నా వాడకం మీ మాదిరి కాదు, పని అయిపోయినాక రూముకు నడిచి పోతా ఇంటికి కాల్ చేస్తా, ముప్పావు గంట మాట్లాడతా. ఈడ గాలి ఎట్లుంటాదంటే దుమ్ముతో కలిసి కొడతాది. ఈఎన్‌సీ పక్కన ఫ్యాను శబ్దం, జనం మాటలు తగ్గిస్తాది కానీ గాలి నేరుగా మైకులోకి కొడితే దాని వల్ల పెద్దగా అయ్యేది లేదు. మా ఆడమనిషి "ఏమి సామీ తుఫానులో నిలబడి మాట్లాడతాండావా" అంటాది. దానికి నేను కనుక్కున్యేది ఏమంటే, కిందికి కాడ మాదిరి దిగేవి కొనండి, కాడ కొనన మైకు నోటికి కొంచెం దగ్గరగా ఉంటాది, గుండ్రంగా గోలీ మాదిరి చెవిలో ఇరుక్కునేటివి కాల్స్‌కి వద్దు. ఇంకా ఒకటి, రెండూ ఒకేసారి పెట్టుకోవాకండి, కాల్స్‌కి ఒక చెవిది చాలు. అది అయిపోతే డబ్బాలో పెట్టి ఇంకోటి తియ్యి, అది అయ్యేలోపు ఇది నిండిపోతాది. దినమంతా నడుస్తాది ఇట్ల. రోడ్డు మీద పోయేటప్పుడు ఇంకో చెవి ఖాళీగా ఉంటే బండ్లు వచ్చేది కూడా ఇనపడతాది.

గోదారి_గాలి:
@కువైట్_కడపోడు "తుఫానులో నిలబడి" 😂 ఒక చెవి ఐడియా బావుందండీ, ఇంతకాలం తట్టలేదు.

కోఠి_కుర్రోడు:
బండ్ల ముచ్చట వచ్చింది గదా, బండి మీద పోయెటోళ్లు హెల్మెట్ కింద బడ్స్ పెట్టుకునుడు బంద్ చేయున్రి. సేఫ్టీ ఒక ముచ్చట, ట్రాఫిక్ పోలీసుతోని ఇంకో లొల్లి. పైనుంచి హెల్మెట్ తీసేటప్పుడు బడ్ దాంతోని లేచి ఎగిరి పడ్తది, మా దుకాణానికి నెలకు ఒకరన్నా వస్తరు "అన్నా ఎడమది ఒక్కటే ఉందా అమ్ముతవా" అని. మోరీల పడ్డది ఎవడు తీస్తడు.

పాతరేడియో:
2023లో అనుకుంటాను, ఆంధ్రాలో చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడిపితే 20 వేలు జరిమానా అని వాట్సాప్‌లో తెగ తిరిగింది, మా బావమరిది అయితే ఇంట్లో ఉన్నవన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అది ఉత్తదేనని రవాణా శాఖ వాళ్ళు చెప్పారు. 20 వేలు ఉత్తదే గానీ నడిపేటప్పుడు పెట్టుకోకూడదన్నది మాత్రం ఉత్తది కాదు.

శీనూ, నా ఉద్దేశం అడిగితే నెక్‌బ్యాండ్ కొనమంటాను. మెడలో పడుంటుంది, ఒకటి పోయి ఒకటి మిగిలే బాధ లేదు, మోరీ భయం లేదు. వన్‌ప్లస్ బుల్లెట్స్ వైర్‌లెస్ జెడ్2 నా దగ్గరుంది, 2022లో వచ్చింది, పది నిమిషాలు చార్జింగ్ పెడితే 20 గంటలని చెప్పారు. నేను పొద్దున వాకింగ్‌లో వివిధభారతి, ఆ తర్వాత భాగవత ప్రవచనం, చార్జింగ్ పెట్టడం వారానికోసారి గుర్తుకొస్తుంది.

నాగోల్_శీను:
మాస్టారూ మీ మాట కాదనలేను గాని మా ఆఫీసుల నెక్‌బ్యాండ్ ఏసుకుంటె అంకుల్ అంటున్రు 😅

పాతరేడియో:
అననీ నాయనా. ఏదో ఒకరోజు అవ్వాల్సిందేగా.

సరే, ఏది కొన్నా వాల్యూమ్ సంగతి ఒకటి వినండి. పెద్దలకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు పర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. ఇప్పుడు మీ మెట్రోలో పట్టాల రొద మీద పాట వినపడాలని వాల్యూమ్ తొంభై శాతానికి తోస్తారు కదా, వారానికి పది గంటల ప్రయాణం, ఎక్కడ తేలతారో మీరే చూసుకోండి. నాయిస్ క్యాన్సిలేషన్ వల్ల నాకు కనపడే అసలు లాభం పాట కమ్మగా వినిపించడం కాదు, సగం వాల్యూమ్‌లో వినగలగడం. ఆ రకంగా మీ మూడూ నా నెక్‌బ్యాండ్ కన్నా నయమే, ఒప్పుకుంటున్నాను.

కోఠి_కుర్రోడు:
బ్యాటరీ గురించి గూడ చెప్త. 40 గంటలు, 43 గంటలు, 35న్నర గంటలు అని వేస్తరు గదా ఈ మూడింటి మీద, అది డబ్బాల చార్జింగ్ కలిపి, ఏఎన్‌సీ బంద్ పెట్టి, సౌండ్ సగం పెట్టి లెక్క. ఏఎన్‌సీ పెట్టినంక ఒక చార్జింగ్ మీద ఐదారు గంటలు వస్తే మంచిగ వచ్చినట్టు. నీకు కావాల్సింది రెండు గంటలు. గంతే. ఈ నంబర్ చూసి ఎక్కువ తక్కువ అనుకోకు.

అసలు ముచ్చట ఇంకోటుంది. బడ్‌ల బ్యాటరీ చింతగింజంత ఉంటది, రోజు నింపి రోజు ఖాళీ చేస్తే రెండేండ్లకు డీలా పడ్తది, అండ్ల మార్చేందుకు ఉండదు, అంటించి మూసేస్తరు. మా దగ్గరికి తెస్తే మేము గూడ ఏం జెయ్యలేం, తెరిస్తే మళ్ల మూయరాదు. అందుకే నేను ఎవ్వరికి 5 వేలవి కొనమని చెప్ప. 2,500 పెట్టి రెండేండ్లు వాడితే నెలకు నూరు రూపాయలు పడ్తది, ఛాయ్ పైసలు.

అన్నట్టు "ఒక చెవిల సౌండ్ తగ్గింది" అని వచ్చెటోళ్లల్ల సగం మందికి బడ్ మంచిగనే ఉంటది, జాలి మీద గుబిలి పేరుకుంటది 🤢 టిప్ తీసి పొడి టూత్‌బ్రష్‌తోని బడ్ కిందికి పెట్టి మెల్లగ దులిపితే ఐపాయె. "ఒకటి చార్జింగ్ ఎక్కుతలేదు" అంటే డబ్బాల బంగారు రంగు పిన్నులకు చెమట పట్టి మసి ఉంటది, పొడి బట్టతోని తుడువు. ఇవి రెండు చెప్పి పైసలు తీస్కుంటలేను సూడున్రి ఇక్కడ.

గోదారి_గాలి:
చీ... మా ఊళ్ళో గులిమి అంటాం లెండి. భోజనం చేస్తూ చదువుతున్నా ఈ థ్రెడ్.

హైరెస్_రాజా:
చెమట అన్నారు కదా, ఐపీ రేటింగ్ చూడు శీను. వన్‌ప్లస్, రియల్‌మీ రెండూ ఐపీ55, సీఎంఎఫ్ ఐపీ54. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. కొన్నింటి మీద ఐపీఎక్స్4 అని ఉంటుంది, ఎక్స్ అంటే దుమ్ముకి రేటింగ్ ఇవ్వలేదని. ఇది బడ్స్‌కి మాత్రమే, డబ్బాకి కాదు, తడి బడ్స్ తుడవకుండా డబ్బాలో పెడితే ఆ తర్వాత మన ఖర్మ.

బీచ్‌రోడ్_బుజ్జి:
రాజా ఈసారి పనికొచ్చే పోస్టు పెట్టాడు, స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నా.

వేపచెట్టు_కింద:
చాలా రోజులుగా చదవడమే గానీ రాయడం లేదు, ఇప్పుడు కడుపు మండి రాస్తున్నా. మీరందరూ సౌండు, చెవి, కోడెక్ అంటున్నారు, సర్వీస్ మాటేంటి? మాది ఒంగోలు దగ్గర. పోయినేడు ఒక కంపెనీది కొన్నా, ఏడో నెలలో కుడిది మూగబోయింది. వారంటీ ఏడాది ఉంది కదా అని యాప్‌లో కంప్లైంట్ పెడితే దగ్గర్లో సెంటర్ లేదు కొరియర్ చెయ్యండి అన్నారు, చేశా. 20 రోజుల తర్వాత తిరిగొచ్చింది, తప్పు కనపడలేదు అని చీటీ పెట్టి. అదే మూగది. మళ్ళీ పంపా. ఈసారి బిల్లు మీద పేరు, కంప్లైంట్ పెట్టిన పేరు ఒకటి కాదన్నారు, బిల్లు మా అన్నయ్య అకౌంట్ మీద ఉంది, నేను పెట్టా, అదీ పాయింటు! విసుగొచ్చి 1915కి ఫోన్ చేశా, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళు వివరాలు రాసుకుని కంపెనీకి పంపారు. ఇంకో రెండు వారాలకి కొత్తది వచ్చింది, రంగు మాత్రం వేరే. నల్లది పంపితే తెల్లది. మాట్లాడకుండా తీసుకున్నా.

కాబట్టి కొనేముందు మీ ఊళ్ళో వాళ్ళ సర్వీస్ సెంటర్ ఉందో లేదో మ్యాప్‌లో కొట్టి చూడండి, బిల్లు మీ పేరు మీదే తీసుకోండి, పీడీఎఫ్ దాచుకోండి. హైదరాబాద్ వాళ్ళకి ఈ బాధ తెలీదు.

కోఠి_కుర్రోడు:
@వేపచెట్టు_కింద నిజమన్నా, చిన్న ఊర్లోళ్లకు ఇదే పెద్ద పంచాయితి. ఊర్లల్ల ఉన్నోళ్లు ఎక్స్చేంజ్ ఇచ్చే లోకల్ షాపుల కొంటేనే నయం, రెండు వందలు ఎక్కువైనా సరే.

బెజవాడ_బన్నీ:
బ్రదర్స్ మధ్యలో ఒక డౌట్. ఇక్కడ షాపులో 899కి ఎయిర్‌పాడ్స్ ఇస్తున్నాడు, డబ్బా తెరిస్తే ఐఫోన్‌లో బొమ్మ కూడా వస్తుంది, ఒరిజినలే అంటున్నాడు, తీస్కోవచ్చా?

బీచ్‌రోడ్_బుజ్జి:
😂😂😂😂

చెవికోసుకునేవాడు:
బన్నీ, ఆ బొమ్మ వచ్చేది చిప్పులో నకలు కొట్టడం వల్ల, అది అసలుదని రుజువు కాదు. మన దేశంలో వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ అమ్మాలంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డబ్బా మీద గుర్తు దగ్గర ఆర్‌తో మొదలై ఎనిమిది అంకెల నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. నంబరే లేకపోతే, లేదా కొడితే ఇంకెవరిదో వస్తే, వెనక్కి ఇచ్చేసి రండి. 899కే కావాలనుకుంటే నకిలీ ఆపిల్ కన్నా అసలు లోకల్ బ్రాండ్ నయం. పీట్రాన్ మన హైదరాబాదీ కంపెనీ వాళ్ళదే, వెయ్యి లోపు వాళ్ళవి చాలా ఉంటాయి, బిల్లుంటుంది, వారంటీ ఉంటుంది.

బెజవాడ_బన్నీ:
ఓహ్. సరే అన్నా. ఆల్రెడీ 200 అడ్వాన్స్ ఇచ్చా...

పాతరేడియో:
అడ్వాన్స్ ఇచ్చి డౌట్ అడిగావా బాబూ.

నాగోల్_శీను:
ఇగ నా ముచ్చటకు వద్దాం. నిన్న ఉప్పల్‌ల పెద్ద షాపుకు పోయిన, పెట్టుకొని చూస్త అంటే సీల్ తియ్యం అన్నరు, చెవుల పెట్టుకునేది కాబట్టి ట్రయల్ ఉండదంట. వాళ్ల మాట గూడ నిజమే. ఎట్ల మరి చెవికి సరిపోతదో లేదో తెలుసుడు?

గోదారి_గాలి:
ఆఫీసులో అడగండి శీను గారూ! ఈ మూడూ ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి. టిప్పులు మాత్రం మీవి వేసుకుని, లేకపోతే శుభ్రంగా తుడుచుకుని. తల ఊపి చూడండి, ఏదైనా నములుతూ చూడండి, దవడ కదిలినప్పుడే వదులైపోతాయి. మెట్లు దిగి చూడండి.

చెవికోసుకునేవాడు:
భేష్. ఇంకో పరీక్ష, పాట లేకుండా ఏఎన్‌సీ ఆన్ చేసి ఏసీ కింద నిలబడండి. రెండు పక్కలా హోరు సమానంగా తగ్గాలి. ఒక పక్క తగ్గి ఇంకో పక్క వినపడితే ఆ పక్క టిప్ సైజు తప్పు. కొందరికి ఏఎన్‌సీ పెడితే చెవిలో విమానం దిగుతున్నట్టు ఒత్తిడిగా ఉంటుంది, పది నిమిషాలు ఉంచుకుని చూడండి, తలనొప్పి వస్తే మీకది పడదన్నట్టు.

(మూడు రోజుల తర్వాత)

నాగోల్_శీను:
అప్‌డేట్. ఆఫీసుల మూడు దొరికినయి!! సీఎంఎఫ్ మా టీం లీడ్‌ది, రియల్‌మీ క్యాంటీన్ల పరిచయమైన అన్నది, వన్‌ప్లస్ హెచ్‌ఆర్ మేడంది (అడిగేటప్పుడు మస్తు ఫీలైన). గోదారి అక్క చెప్పినట్టు మూడు పెట్టుకొని తల ఊపిన, క్యాంటీన్ల సమోస నమిలిన, ఆరో అంతస్తు మెట్లు దిగిన, సెక్యూరిటీ అన్న ఏమైంది సార్ అన్నడు.

రియల్‌మీ, సీఎంఎఫ్ రెండిట్ల సౌండ్ మంచిగనే ఉంది, బేస్ గట్టిగ ఉంది, తప్పు పట్టేదేం లేదు, నాయిస్ గూడ మంచిగ ఆపుతున్నయి. కాని నా చెవికి వన్‌ప్లస్ ఎట్ల కూసుందంటే పెట్టుకున్న సంగతి మర్చిపోయిన. డబ్బా మీద అన్నిట్ల తక్కువ నంబర్ ఉన్నది అదే, 32. మేడంను బతిలాడి ఒక సాయంత్రం ఇంటికి తీస్కపోయిన. మెట్రో కదిలినంక ఏఎన్‌సీ పెడితే ఆ గుయ్యి పోయింది, వాల్యూమ్ సగం మీద నాగోల్ దాకా పాటలు విన్న. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ కాడ ఎక్కిన ఒకామె ఫోన్ల కొట్లాడుతుండె, అది మాత్రం పూరా వినిపించింది, చెవికోసుకునే అన్న చెప్పినట్టే 😂

రాత్రి ఆర్డర్ పెట్టిన, కార్డ్ ఆఫర్ పోను 2 వేల లోపల్నే పడ్డది. బిల్లు నా పేరు మీదనే.

కోఠి_కుర్రోడు:
నేను మొదలే చెప్పిన కదా వన్‌ప్లస్ తీస్కోమని

బీచ్‌రోడ్_బుజ్జి:
@కోఠి_కుర్రోడు పైకెళ్ళి మీ మొదటి పోస్టు చదువుకోండి 🙄

హైరెస్_రాజా:
కంగ్రాట్స్ బ్రో. వన్‌ప్లస్ బడ్స్ సెట్టింగులకి వాడే హేమెలొడీ యాప్ వేసుకుని ముందు అప్‌డేట్ ఉందేమో చూడు, ఈక్వలైజర్‌లో బేస్ ఒక గీత తగ్గించు, పాడే గొంతు ముందుకొస్తుంది.

కువైట్_కడపోడు:
మంచి పని చేసినావు. కాల్స్‌కి ఒకటే చెవి, మర్చిపోవాకు.

నాగోల్_శీను:
ఇయ్యాల వచ్చినయి. కుడికి చిన్నది, ఎడమకు మధ్యది 🙏 సీల్ తీసిన పది నిమిషాలకు మా అమ్మ అడిగింది "ఏందిరా చెవుల, దూది పెట్టుకున్నవా, నొప్పా" అని. ఒకటి ఆమె చెవుల పెట్టి బతుకమ్మ పాట పెట్టిన. ఇగ వాపస్ ఇస్తలేదు. బన్నీ తమ్మీ, నీ 200 వచ్చినయా?

బెజవాడ_బన్నీ:
రాలేదన్నా. 200కి చార్జర్ కేబుల్ ఇచ్చాడు.